కలను దాచుకొనుట, కలను శాసించుట

తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని పెద్దలు చెప్పగా వినని తెలుగువారు ఉండరు. మా ఇండ్లలోనూ ఫజర్ నమాజుకు ముందు వచ్చిన కలకు ఒక ప్రత్యేకమైన మన్నన ఉన్నది. ఈ నమ్మకంలోని జోస్యపు భాగాన్ని మేము ఇక్కడ పక్కన పెడుతున్నాము. కాని అందులో తరతరాల పరిశీలన ఒకటి దాగి ఉన్నదని మా అభిప్రాయం. రాత్రి తొలి జామున వచ్చిన కలలను గురించి ఎవరూ సామెత కట్టలేదు, ఎందుచేతనంటే అవి ఎవరికీ గుర్తుండవు. తెల్లవారుజామున వచ్చినదే గుర్తుంటుంది, గుర్తున్నదానికే గౌరవం దక్కుతుంది.

దీనికి కారణం 1953లో తెలియవచ్చినది. షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ ఎసిరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ అనే ఇద్దరు, నిద్రపోతున్నవారి మూసిన రెప్పల క్రింద కనుగ్రుడ్లు అప్పుడప్పుడు వడివడిగా కదులుతూ ఉండడాన్ని గుర్తించి ప్రకటించారు. ఆ దశలో మేలుకొలిపినవారిలో అధికసంఖ్యాకులు తాము కల కంటున్నట్లు చెప్పారు. దీనినే నేడు రెమ్ నిద్ర అంటున్నారు. ఇది సుమారు 90 నిమిషాలకు ఒకసారి వస్తుంది. మొదటి విడత కొద్ది నిమిషాలే. రాత్రి గడచినకొద్దీ విడత విడతకూ నిడివి పెరిగి, తెల్లవారే వేళకు అరగంటకు పైగా కూడ సాగుతుంది. ఇతర దశలలో కలలు రావని కాదు, కాని కథ వలె సాగే స్పష్టమైన కలలు ఎక్కువగా ఈ దశవే. రాత్రి ఒంటిగంట వరకు మేలుకొని అయిదింటికి అలారం పెట్టుకొనే విద్యార్థి తాను రెండు మూడు గంటల నిద్ర మాత్రమే నష్టపోతున్నానని అనుకొంటాడు. కలల లెక్కలో చూస్తే అతడు తన ఆస్తిలో సగానికి పైగా పోగొట్టుకొంటున్నాడు.

ఈ విషయం వ్రాయడానికి మాకొక సందర్భం కలిగినది. మా తరగతిలో ఒక విద్యార్థి ఈ సంవత్సరం మొదటి పీరియడులోనే తల వాల్చి నిద్రించడం మొదలుపెట్టాడు. అత్వసంధి చెప్పుచున్నప్పుడు నిద్ర రావడం మహాపరాధం కాదని మేమెరుగుదుము. అయినను వారం దినాలు వరుసగా అదే జరిగేసరికి పిలిచి అడిగాము. "సాధన చేస్తున్నాను సార్" అన్నాడు. ఏమి సాధన నాయనా అంటే, కలలోనే ఇది కల అని తెలుసుకొని, ఆ కలను తన ఇష్టప్రకారం నడిపించే సాధన అట. సెల్‌ఫోనులో చూచి నేర్చుకొన్నాడు. పడుకొన్న అయిదు గంటలకు అలారం పెట్టుకొని లేచి, కొంతసేపు మేలుకొని, మనస్సులో ఒక సంకల్పం చెప్పుకొని తిరిగి పడుకోవాలి. రెండు నెలలుగా చేస్తున్నాడు. ఒక్కసారి ఆకాశంలో ఎగిరాడట, అదీ అర నిమిషం. ఇంతకూ మామూలుగా నీకు వచ్చే కలలేమిటని అడిగితే, ఆలోచించి, ఒక్కటీ గుర్తులేదన్నాడు.

ఆ సమాధానమే మమ్ములను ఈ వ్యాసానికి పురికొల్పినది. తన ఇంటిలో ఏమున్నదో ఎరుగని వాడు ఆ ఇంటికి రాజు కాబోయాడు! కలలను జ్ఞాపకం ఉంచుకొనడం చదువుకొన్న ప్రతివాడూ అలవరచుకోదగిన విద్య అనీ, కలను శాసించడం సాధ్యమే అయినా అది రెండవ పంక్తిలో కూర్చోవలసినదనీ మా వాదం.

మన సాహిత్యంలో కలకు చిన్న పీట వేయలేదు. తిక్కన సోమయాజి విరాటపర్వారంభంలో తన తండ్రి కొమ్మనామాత్యుడు కలలో కనబడినట్లు, పిదప హరిహరనాథుడు సాక్షాత్కరించినట్లు చెప్పుకొన్నాడు. కళింగ దండయాత్రకు వెడలిన శ్రీకృష్ణదేవరాయలు కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో ఉపవసించిన రాత్రి, నాలుగవ జామున, ఆంధ్రవిష్ణువు కలలో కనబడి తెలుగులో కావ్యం వ్రాయమన్నాడని ఆముక్తమాల్యద అవతారిక చెప్పుచున్నది. నాలుగవ జాము అన్న మాటను విద్యార్థులు గమనింతురు గాక. రాయలు చేసిన తరువాతి పని ఇంకా గమనింపదగినది: తెల్లవారిన పిమ్మట సభ తీర్చి ఆ కలను అందరికీ వినిపించాడు. ఇక ఉషాకన్య కథలో, ఆమె కలలో చూచిన పురుషుని పేరు తెలియక కుమిలిపోతుంటే, చెలికత్తె చిత్రరేఖ రాకుమారుల రూపులను వరుసగా వ్రాసి చూపుతుంది. ఉష అనిరుద్ధుని గుర్తుపట్టుతుంది. అది పెండ్లి కథయే కావచ్చును, కాని మాకు మాత్రం అందులో కరిగిపోతున్న కలను కాగితం మీదికి దింపే ప్రయత్నం కనబడుతుంది. ఉష తన కలను శాసింపలేదు. ముఖం మరచిపోలేదు, అంతే.

ఇస్లాం సంప్రదాయంలో ఈ విషయం మీద మరింత నిష్కర్ష ఉన్నది. కలలు మూడు విధములని హదీసు: దైవం నుండి వచ్చే శుభవార్త, షైతాను పెట్టే భయం, మనిషి తన మనస్సుతో తాను చెప్పుకొనే మాట. ఈ మూడవ తరగతిని పదునాలుగు శతాబ్దాల క్రిందటనే విడిగా లెక్కించడం మమ్ములను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. మనకు వచ్చే కలలలో నూటికి తొంబదికి పైగా ఆ తరగతివే కాబోలు. మంచి కలను ప్రియమైన వారికే చెప్పుకోవాలి, చెడ్డ కలను ఎవరికీ చెప్పరాదు. రాని కల వచ్చినదని చెప్పినవానిని రెండు యవగింజలను ముడివేయమని ఆజ్ఞాపిస్తారనీ, అది వానివల్ల కాదనీ ఒక హెచ్చరిక కూడ ఉన్నది. దుకాణాలలో ఇబ్నె సీరీన్ పేరు పెట్టి అమ్మే ఖ్వాబ్‌నామాలు కొని, పాము కనబడితే ఏమి, పన్ను ఊడితే ఏమి అని పుటలు త్రిప్పేవారు చాలామంది ఉన్నారు. ఈ యవగింజల మాటను తలచుకొనేవారు తక్కువ. కల చెప్పడంలో అబద్ధం ఎంత సులభంగా దొర్లుతుందో కలల పుస్తకం వ్రాసుకొన్నవానికే తెలుస్తుంది. ఒకసారి చెప్పినప్పుడు తెగి ఉన్న కల, రెండవసారి చెప్పేసరికి అతుకులు పడి చక్కని కథ అవుతుంది. ఫ్రాయిడ్ 1900 సంవత్సరపు తన గ్రంథంలో ఈ అతుకుల పనికి ఒక పేరే పెట్టాడు.

కలను కోరి తెచ్చుకొనే యత్నమూ క్రొత్తది కాదు. 1377లో ముఖద్దిమా రచించిన ఇబ్నె ఖల్దూన్, నిద్రకు ముందు ఉచ్చరించవలసిన కొన్ని మాటలను ఒక మంత్రశాస్త్ర గ్రంథం నుండి ఎత్తి చూపి, తాను వాటిని ప్రయోగించి చూచినట్లూ, తన విషయమై తెలుసుకోగోరిన కొన్ని సంగతులు తెలిసినట్లూ వ్రాశాడు. వెంటనే ఆ మహామేధావి జాగ్రత్తపడ్డాడు: దీనివల్ల కోరితే కల వస్తుందని రుజువు కాదు, ఆ మాటలు మనస్సును సిద్ధపరుస్తాయి, అంతవరకే అన్నాడు. నేటి విద్యార్థి సెల్‌ఫోనులో చూచిన విధానం కూడ సంకల్పంతో మనస్సును సిద్ధపరచడమే గదా!

కలలో ఉండగానే ఇది కల అని లోపలి నుండి ఏదో చెప్పడం కలదని అరిస్టాటిల్ గుర్తించాడు. ఫ్రాన్సు దేశంలో చైనా భాషాపండితుడైన హెర్వే ద సాఁ దెనీ బాల్యం నుండి కలలను వ్రాసుకొని, 1867లో కలలను గురించీ, వాటిని నడిపే ఉపాయాలను గురించీ తన పేరు వేయకుండా ఒక గ్రంథం ప్రకటించాడు. ఆయన నోటు పుస్తకాలు 22, వాటిలో 1946 రాత్రుల కలలు. వ్రాయగా వ్రాయగా జ్ఞాపకం పెరిగినది, ఆ జ్ఞాపకం నుండే కలలోని ఎరుక పుట్టినది. ఈ వరుసను మా విద్యార్థి తలక్రిందులు చేశాడు. డచ్చి రచయిత ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ 1898 నుండి 1912 వరకు ఇటువంటి 352 కలలను గుర్తించి వ్రాసుకొని, 1913లో వాటికి లూసిడ్ డ్రీమ్స్ అని పేరు పెట్టాడు. మనం ఎరుక కలలు అనుకొందము.

శాస్త్రజ్ఞులు చాలాకాలం దీనిని నమ్మలేదు. నిద్రపోతున్నవాడు తాను నిద్రలో ఉన్నానని ఎట్లు చెప్పగలడు? అయితే కలలో శరీరమంతా చచ్చుబడి ఉన్నా కనుగ్రుడ్లు స్వేచ్ఛగా కదులుతాయి. ఇంగ్లండులో హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ 1975 ఏప్రిల్‌లో ఆలన్ వర్స్లీ అనే వ్యక్తితో ముందుగా ఒప్పందం చేసుకొన్నాడు: కల అని తెలియగానే కండ్లను ఎడమకు కుడికి ఇన్నిసార్లు త్రిప్పవలెనని. అతడు త్రిప్పాడు, యంత్రం గీతలు గీసినది. కొన్నేండ్లకే అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లబెర్జ్ స్వతంత్రంగా అదే నిరూపించి 1981లో ప్రకటించాడు. 2021లో అమెరికా, ఫ్రాన్సు, జర్మనీ, నెదర్లాండ్స్ దేశాల ప్రయోగశాలలు కలిసి ప్రకటించిన ఫలితాలు మరీ విచిత్రమైనవి. కల కంటున్నవానిని ఎనిమిదిలో నుండి ఆరు తీసివేస్తే ఎంత అని అడిగితే, కండ్లు రెండుసార్లు త్రిప్పి చెప్పాడు. ఆ 36 మందిలో సరియైన జవాబులు వచ్చినవి అయిదింట ఒక వంతు ప్రయత్నాలకు కూడ కాదు. అయినను కల లోపలికి ఒక ప్రశ్న వెళ్ళి జవాబు తిరిగి రావడం చిన్న విషయమా?

కాబట్టి మా విద్యార్థి వెఱ్ఱివాడు కాడు. 2016లో పూర్వపు పరిశీలనలన్నిటిని కలిపి లెక్కించినవారు, జీవితంలో ఒక్కసారైనా ఎరుక కల వచ్చినవారు నూటికి 55 మంది వరకు ఉన్నారని తేల్చారు. నెలకు ఒకసారి వచ్చేవారు నాలుగవ వంతు కంటె కొంచెం తక్కువ.

మా స్టాఫ్ రూములో ఈ ప్రసంగం వచ్చినప్పుడు విజ్ఞానశాస్త్రం బోధించే మిత్రుడొకరు ఎదురు వాదించారు. డి.ఎన్.ఎ. నిర్మాణాన్ని కనుగొన్న ఇద్దరిలో ఒకడైన ఫ్రాన్సిస్ క్రిక్, గ్రేమ్ మిచిసన్‌తో కలిసి 1983లో ఒక సిద్ధాంతం చెప్పాడు. మెదడు అనవసరమైన అల్లికలను విడదీసి పారవేయడమే కల. కలలను గుర్తుంచుకొనే ప్రయత్నాన్ని ప్రోత్సహించకపోవడమే మేలేమో అనికూడ వారు అన్నారు. "మీరు చెత్తకుండీని ఇంటిలోకి తెచ్చుకొంటున్నారు" అన్నారు మా మిత్రులు. మేము ఆ రోజున జవాబు చెప్పలేకపోయాము. ఇప్పుడు చెప్పుచున్నాము. అది ఒక ఊహాసిద్ధాంతమే గాని నిర్ణయం కాదు. సాఁ దెనీ, వాన్ ఈడెన్ ఏండ్ల తరబడి వ్రాసుకొన్నారు, వారి బుద్ధి చెడినట్లు దాఖలా లేదు. పైగా చెత్తకుండీలో పడిన ఉత్తరం పనికిమాలినదని, చదవకుండా ఎట్లు చెప్పగలము?

జ్ఞాపకం ఉంచుకొనే విధానం చెప్పడానికి ఎక్కువ స్థలం అక్కరలేదు. మెలకువ రాగానే కదలకూడదు, కండ్లు తెరవకూడదు. పడుకొన్న భంగిమ మారితే చాలు, కల జారిపోతుంది. చివర మిగిలిన చిత్రాన్ని పట్టుకొని, దానికి ముందేమి, దానికి ముందేమి అని వెనుకకు నడవాలి. తలగడ ప్రక్కన నోటు పుస్తకం, పెన్సిలు ఉండాలి. ఏమీ గుర్తులేకపోయినా, ఏడుపు వచ్చినట్లున్నది, నీళ్ళ చప్పుడు విన్నట్లున్నది అని ఆ రెండు మాటలే వ్రాయాలి. పడుకొనే ముందు రేపు గుర్తుంచుకొంటానని ఒకసారి అనుకోవాలి. లేవగానే సెల్‌ఫోను ముట్టుకొన్నవానికి ఈ విద్య దక్కదు. అన్నిటికంటె ముఖ్యం సరిపడినంత నిద్ర. రెండు వారాలు ఓపిక పట్టితే పుటలు నిండడం మొదలవుతుంది.

మేము ఎం.ఏ. చదివే రోజులలో హాస్టలు గదిలో ఈ అలవాటు చేసుకొన్నాము. ఆ పాత పుస్తకాలలో చాలాభాగం అర్థం లేని వ్రాతలే: పరీక్ష హాలులో కోళ్ళు, సగం కట్టిన రైలు. మా అబ్బాజాన్ దర్జీ. ఆయన గతించిన తరువాత ఏడాదికి వ్రాసుకొన్న ఒక పుట మాత్రం ఉన్నది. కలలో ఆయన దుకాణంలో కుట్టు మిషను ముందు కూర్చొని, "సూయీ మే ధాగా డాల్ బేటా" అని సూదిని మా చేతికి ఇచ్చారు. దారం మొన తడిపి ఎంత ప్రయత్నించినా సూదికి బెజ్జమే కనబడలేదు. ఆయన విసుగుకోలేదు, చేయి చాపి అట్లాగే ఉన్నారు. అంతటితో మెలకువ వచ్చినది. ఆ పుట వ్రాస్తున్నప్పుడే జ్ఞాపకం వచ్చినది: చివరి రెండేండ్లలో ఆయన చూపు తగ్గినది, సెలవులకు ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ పది సూదులకు దారాలు ఎక్కించి పెట్టి రమ్మనేవారు. ఒకసారి బస్సుకు ఆలస్యమవుతున్నదని మేము నాలుగింటికే ఎక్కించి వచ్చాము. మెలకువలో ఆ సంగతి మేము పూర్తిగా మరచిపోయాము. కల మరచిపోలేదు.

తరువాత కొంతకాలానికి ఎరుక కలల సాధన కూడ చేశాము, దాచనేల? కలలో ఉన్నామో లేదో పరీక్షించడానికి కొన్ని గుర్తులు చెప్పుతారు. ముక్కు మూసుకొన్నా శ్వాస ఆడుతుంది. ఒకసారి చదివిన అక్షరాలు మరల చూస్తే మారిపోతాయి. స్విచ్చి వేసినా దీపం వెలగదు. ఈ చివరి గుర్తును మా చిన్ననాటి ఊరిలో పాటించి ఉంటే జాగ్రదవస్థ మొత్తం కల అని తేలి ఉండేది! మాకు అక్షరాల గుర్తు పనికివచ్చినది. ఒక తెల్లవారుజామున అబ్బాజాన్ దుకాణంలో గోడ మీది క్యాలెండరు చూచాము. తేదీ చదివి, మరల చూచేసరికి అంకెలు మారినవి. ఇది కల అని తెలిసినది. గుండె దడదడలాడినది. ఆయన మిషను ప్రక్కనే నిలబడి ఉన్నారు, మెడలో టేపు, చేతిలో సుద్ద.

ఆయన ఆఖరి గడియలో మేము ప్రక్కన లేము. దూరపు పట్టణంలో పరీక్షల విధులలో ఉన్నాము. ఆ విషయమై మనస్సులో కష్టపెట్టుకొన్నారా అని అడగవలెనని ఎన్నో ఏండ్లుగా ఉన్న ప్రశ్న. అవకాశం చిక్కినది గదా అని అడిగాము. సమాధానం చెప్పుమని మనస్సులో గట్టిగా కోరాము. ఆయన తల యెత్తి, కష్టమేమీ లేదనీ, కర్తవ్యనిర్వహణలో ఉన్న కుమారుని ఏ తండ్రి అయినా మన్నించుననీ చెప్పారు. చక్కని తెలుగు, గ్రాంథికపు వాసన గల తెలుగు. ఆయన జీవితమంతా మాతో ఉర్దూలోనే మాట్లాడారు. ఆ వాక్యం ఎవరిదో మెలకువ రాకముందే మాకు తెలిసిపోయినది. అది మేము తరగతిలో మాట్లాడే వాక్యం.

ఆ పుటను మేము చింపివేయలేదు. కాని సాధన మానుకొన్నాము. పిలువని కలలో ఆయన వచ్చి సూది ఇచ్చారు. పిలిచిన కలలో మేమే ఆయన వేషం వేసుకొని వచ్చాము. మా అనుభవం అందరికీ ప్రమాణం కాదు. తరచుగా పీడకలలతో బాధపడేవారికి ఈ ఎరుక ఉపకరించిన సందర్భాలను వైద్యులు గుర్తించారు. తరిమే దానిని వెనుకకు తిరిగి చూడగలిగితే భయం తగ్గుతుందట. అటువంటివారు వైద్యుని సలహాతో చేసికొనవచ్చును. కలకు, మెలకువకు తేడా తెలియక ఇప్పటికే చిక్కుపడుతున్నవారు దీని జోలికి పోరాదు. ఎగరాలనే సరదా కోసం అర్ధరాత్రి అలారములు పెట్టుకొని, ఉన్న నిద్రను ముక్కలు చేసుకొనేవారికి మాత్రం మేము మద్దతు చెప్పలేము. ఎరుక దానంతట అది వస్తే రానిండు. కలలు వ్రాసుకొనేవారికి అది ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది కూడ.

మా విద్యార్థి అలారం మానుకొన్నాడు. మొదటి వారం ఏమీ లేదన్నాడు. పండ్రెండవ రోజున స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి, కల వచ్చినది, వ్రాయడంలో ఒక సందేహం ఉన్నదన్నాడు. కలలో వాళ్ళ నానీ బస్సులో కూర్చొని ఉర్దూలో ఏదో చెప్పుచున్నది, కండక్టరు తెలుగులో కేకలు వేస్తున్నాడు. ఏ భాషలో వ్రాయాలి సార్ అని ప్రశ్న. ఎవరు ఏ భాషలో మాట్లాడితే ఆ భాషలోనే వ్రాయి, మార్చితే నానీ మాట పోతుంది అన్నాము. అతడు కొంచెం తడబడి, తాను చిన్నప్పటి నుండి తెలుగు మాధ్యమంలో చదివాననీ, ఉర్దూ మాట్లాడగలను గాని వ్రాయడం రాదనీ చెప్పాడు. ప్రస్తుతానికి తెలుగు లిపిలోనే వ్రాసుకోమని చెప్పి, ఉర్దూ శాఖలోని మా సహోద్యోగి వద్దకు వెంటబెట్టుకొని వెళ్ళాము. కళాశాల విడిచిన తరువాత అరగంట చొప్పున వారి వద్ద అలిఫ్, బే దిద్దుచున్నాడు.